బిల్లు అడిగితే బతుకు చదివారు

(ఏలూరులో మహిళా సంఘాల, స్వచ్ఛంద సంస్థల కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను ఈరోజు స్త్రీల ఆరోగ్య హక్కుల మీద మాట్లాడమన్నారు. అంత పెద్ద విషయం తీసుకుంటే మనందరికీ తెలిసిన నాలుగు మాటలే మళ్ళీ చెప్పి కూర్చోవాల్సి వస్తుంది. అందుకని ఒక చిన్న కాగితం గురించి మాట్లాడదామనుకున్నాను. ఆస్పత్రి బిల్లు. ఆ కాగితం మీద పోట్లాట వచ్చినప్పుడు స్త్రీకి ఏమవుతుందన్నది నా విషయం. ఇందులో ఆస్పత్రుల తప్పు ఉంది, చట్టాల లోపం ఉంది. మన తప్పు కూడా ఉంది. నా తప్పు మరీ ఉంది కనుక అక్కడి నుంచే మొదలుపెడతాను.

కొల్లేటి లంక గ్రామాల్లో ఒక ఊరు. పేరు చెప్పను. ఆమె పేరు అసలే చెప్పను. కొన్ని వివరాలు మార్చాను. మార్చిన తర్వాత కూడా ఈ సభలో చెప్పవచ్చా అని ఆమెను మూడుసార్లు అడిగి, సరేనన్నాకే చెప్తున్నాను. వయసు నలభై లోపు, ఇద్దరు పిల్లలు. చేపల చెరువుల మీద పట్టుబడి రోజుల్లో కూలికి వెళ్తుంది, మిగతా రోజుల్లో రొయ్యల షెడ్డుకి. రెండేళ్ళుగా ఆగని రక్తస్రావం. ఊళ్ళో ఆరెంపీ ఇచ్చిన మాత్రలతో నెట్టుకొచ్చి చివరికి ఒక ప్రైవేటు ఆస్పత్రికి వెళ్తే గర్భసంచి తీసెయ్యాలన్నారు. కార్డు ఉంది గానీ ఈ ఆపరేషన్‌కి ఇక్కడ కార్డు పనిచెయ్యదన్నారు. నలభై వేలవుతుందని నోటిమాటగా చెప్పారు. చెరువు లీజుకు తీసుకున్నాయన దగ్గర భర్త అడ్వాన్సు తీసుకున్నాడు, పొదుపు సంఘంలో ఆమె అప్పు తీసుకుంది. ఇంటికి పంపే రోజున బిల్లు డెబ్భై ఒక్క వేలయింది. వివరాల్లేవు. ఒక చీటీ మీద మొత్తం, కింద ఒక సంతకం.

ఆ చీటీ మా దగ్గరకు వచ్చింది. మేం ఏం చెయ్యాలో మాకు బాగా తెలుసనుకున్నాం. వివరాలతో బిల్లు అడగడం హక్కు. జాతీయ మానవ హక్కుల కమిషన్ 2018లో తయారుచేసిన రోగుల హక్కుల పత్రంలో పదిహేడు హక్కులున్నాయి. పద్దుల వారీగా బిల్లు పొందడం, రికార్డులు పొందడం, డబ్బు తగాదా ఉందని మనిషిని గానీ శవాన్ని గానీ ఆపకూడదనడం, గోప్యత - అన్నీ అందులో ఉన్నాయి. గోప్యత ఉన్న వాక్యం నేను ఎన్నోసార్లు చదివాను, శిక్షణల్లో చదివించాను కూడా. అయినా ఆరోజు నా బుర్రలో బిల్లు తప్ప మరొకటి లేదు.

మేం ఆస్పత్రికి వెళ్ళాం. ఆమె, భర్త, అత్తగారు, అడ్వాన్సు ఇచ్చినాయన మనిషి ఒకడు, ఊరి పెద్దలిద్దరు, సంఘం నుంచి నాతో కలిపి నలుగురం. "లెక్క అందరి ముందూ చెప్పండి" అని నేనే అన్నాను. మనకది అలవాటు. ఉపాధి హామీ పనుల మస్తర్లను 2006 నుంచి ఊరి నడిబొడ్డున చదివించి అవినీతిని పట్టుకున్నవాళ్ళం మనం. 1992లో దూబగుంట ఆడవాళ్ళు సారా దుకాణం ముందు కూర్చుని తాగినవాడి పేరు నలుగురిలో అడిగారని గర్వంగా చెప్పుకునేవాళ్ళం. దాచిన లెక్క దొంగలెక్క అని మన నమ్మకం.

మేనేజరు గారికి కోపం వచ్చింది. ఫైలు తెప్పించాడు. బిల్లు ఒక్కటే కాదు, కేసుషీటు మొత్తం. "ఎందుకింతయిందో మీకే తెలుస్తుంది, వినండి" అంటూ మొదటి పేజీ నుంచి చదవడం మొదలుపెట్టాడు. రక్తపరీక్షలు, ఒక్కొక్కటీ పేరుతో, ఫలితంతో. హెచ్ఐవి పరీక్ష కూడా, ఫలితంతో సహా. ఆ తర్వాత పాత కాన్పుల వివరం. డాక్టర్లు అక్కడ ఇంగ్లీషు అక్షరాలతో కోడ్ రాస్తారు. అందులో 'ఎ' పక్కన 'ఒకటి' ఉంది. అడ్వాన్సు ఇచ్చినాయన మనిషి అడిగాడు, "ఎ వన్ అంటే ఏంటండి?" మేనేజరు చెప్పాడు, "ఒక అబార్షన్ అండి."

భర్తకు ఆ సంగతి తెలియదు. ఎందుకు చేయించుకుందో, ఎప్పుడు చేయించుకుందో నేను చెప్పను. చట్టప్రకారమే చేయించుకుంది. అంతకు మించి చెప్పాల్సిన పని ఆమెకే లేదు, నాకు అసలు లేదు.

బిల్లులో పద్నాలుగు వేలు తగ్గించారు. మత్తు డాక్టరు ఫీజు రెండుసార్లు వేశారు, వాడని మందులు వేశారు, అవి దొరికాయి. బయటికొచ్చి మా వాళ్ళు చప్పట్లు కొట్టినంత పనిచేశారు. ఆమె ఆటో ఎక్కేటప్పుడు నాతో అన్న మాట ఒక్కటే. "మీరడగమన్నారనే అడిగామండీ. ఆ పద్నాలుగు వేలూ నేనే ఎలాగో కట్టుకునేదాన్నండి మేడం గారూ." ఆమె ఇప్పుడు పుట్టింట్లో ఉంది. పిల్లల్లో ఒకడు తండ్రి దగ్గరున్నాడు.

ఒక మాట చెప్పాలి. ఆ మేనేజరు ఏదో పగతో చేశాడని నేను అనుకోవడం లేదు. మేం పదిమందిమి వెళ్ళాం, భయపడ్డాడు. ఆస్పత్రుల మీద దాడులు జరుగుతాయనే కదా మన రాష్ట్రంలో 2008లో ప్రత్యేకంగా చట్టం చేశారు. "మా తప్పేం లేదు, చూడండి" అని నిరూపించుకోవాలన్న ఆత్రం. ఆ ఆత్రంలో అతని చేతికి దొరికిన సాక్ష్యం ఆమె శరీరం. బిల్లు తగాదాలన్నిటిలో ఉన్న చిక్కు ఇదే. మందు ఎందుకు వేశామో చెప్పాలంటే రోగం చెప్పాలి. రోగం చెప్పాలంటే మనిషిని విప్పాలి. ఆస్పత్రి తనను తాను సమర్థించుకోవడానికి పెట్టే ఖర్చు రోగి ఖాతాలో పడుతుంది.

ఇది మన దగ్గరే ఉన్న జబ్బు కాదు. అమెరికాలో 1996 చట్టం కింద రోగుల వివరాలకు గట్టి నియమాలున్నాయి. డబ్బు వసూలు కోసం వివరాలు వాడుకోవచ్చుగానీ అవసరమైనంత మేరకే అని అందులో ఉంది. అయినా డల్లాస్‌లో ఒక దంతవైద్య సంస్థ, తమ గురించి ఫిర్యాదుగా రాసిన రోగికి బహిరంగంగా జవాబిస్తూ ఆ మనిషి ఇంటిపేరు, వైద్యం, బీమా, ఖర్చు అన్నీ రాసిపారేసింది. 2019లో పదివేల డాలర్లు కట్టింది. ఫిర్యాదు చేసినవాళ్ళ నోరు మూయించడానికి వాళ్ళ జబ్బే పనికొస్తుందని తాళం వేసే ప్రతివాడికీ తెలుసు.

ఇక మన చట్టం దగ్గరకొద్దాం. గర్భస్రావం విషయంలో గోప్యత గురించి మన చట్టం చాలా ముందే ఆలోచించింది. 1971 చట్టం కింద వచ్చిన నిబంధనలు చూడండి, ఇప్పుడు అమల్లో ఉన్నవి 2003వి. స్త్రీ పేరు అడ్మిషన్ రిజిస్టరులో తప్ప ఇంకెక్కడా, కేసుషీటులో గానీ ఆపరేషన్ థియేటర్ రిజిస్టరులో గానీ రాయకూడదు, వరస నంబరు మాత్రమే రాయాలి. ఆమె అంగీకార పత్రాన్ని కవరులో పెట్టి సీలు వేసి రహస్యం అని రాయాలి. 2021 సవరణలో 5-ఎ సెక్షన్ చేర్చి, పేరు బయటపెట్టిన డాక్టరుకు ఏడాది దాకా జైలుశిక్ష అన్నారు. ఎంత శ్రద్ధో చూశారా. కానీ పదేళ్ళ తర్వాత అదే స్త్రీ ఇంకో జబ్బుతో ఇంకో ఆస్పత్రికి వెళ్తుంది. జూనియర్ డాక్టరు అడుగుతాడు, ఆమె నిజం చెప్తుంది, ఎందుకంటే వైద్యం సరిగ్గా జరగాలంటే చెప్పాలి. ఆ నిజం ఆమె పేరున్న పేజీలోనే పడుతుంది. సీలువేసిన కవరు అక్కడెక్కడో ఉంటుంది, రహస్యం మాత్రం బిల్లు కౌంటరుకొచ్చి కూర్చుంటుంది.

రెండో సంగతి, ఈ నియమాలన్నీ డాక్టరును దృష్టిలో పెట్టుకుని రాసినవి. 2002 నాటి వైద్య మండలి నియమావళి కూడా అంతే. రోగి రహస్యాన్ని డాక్టరు చెప్పకూడదు - కోర్టు అడిగితే, ఫలానా మనిషికి తీవ్రమైన ప్రమాదం ఉంటే, ప్రభుత్వానికి తెలపాల్సిన అంటువ్యాధి అయితే తప్ప. బాగుంది. కానీ మన ఆస్పత్రుల్లో రహస్యం పోయేది డాక్టరు గది నుంచి కాదు. క్యాషియరు, మేనేజరు, పీఆర్వో, బీమా డెస్కులో కూర్చున్న అమ్మాయి, మందుల షాపు - వీళ్ళెవరూ వైద్య మండలిలో రిజిస్టరయినవాళ్ళు కాదు. వాళ్ళకు ఇది రహస్యమని ఎవరూ చెప్పలేదు. ఆ అమ్మాయిలకు నెలకు వచ్చే జీతం చూస్తే చెప్పే ఓపిక కూడా ఎవరికీ ఉన్నట్టు లేదు.

అదే నియమావళిలో రికార్డులు అడిగిన 72 గంటల్లో రోగికి గానీ రోగి అధికారమిచ్చిన సహాయకునికి గానీ ఇవ్వాలని ఉంది. మంచి నియమం, మనం వాడుకుంటున్నదే. కానీ అధికారం ఇచ్చారా అని మన పల్లెల్లో ఎవరు అడుగుతారు? ఆడమనిషి పక్కన మగాడు నిలబడితే అధికారం ఉన్నట్టే. మొగుడు, బావగారు, అన్న, చివరికి అప్పిచ్చినవాడు.

అప్పు దగ్గర కాసేపు ఆగుదాం. కొల్లేటి ఊళ్ళలో తిరిగినవాళ్ళకు తెలుసు. 2006లో చెరువుల గట్లు పగలగొట్టిన తర్వాత, మళ్ళీ గట్లు లేచిన తర్వాత, చేతిలో రొక్కం ఉన్నది చెరువు నడిపేవాళ్ళకే. జబ్బు చేస్తే వాళ్ళ దగ్గరకే వెళ్ళాలి. వాళ్ళు ఊరికే ఇవ్వరు, "కాగితాలు చూపించు" అంటారు. పొదుపు సంఘంలో కూడా ఆస్పత్రి కాగితం చూపిస్తే అప్పు ముందొస్తుంది. ముఖ్యమంత్రి సహాయనిధికి పెట్టుకోవాలంటే అసలు బిల్లులు, డిశ్చార్జి కాగితం పట్టుకుని ఎమ్మెల్యే గారి ఆఫీసుకి వెళ్ళాలి. అక్కడ టేబుల్ ముందు ఎవరుంటారో మీకు తెలుసు. డబ్బు వస్తే చెక్కు ఇస్తూ ఫొటో, జిల్లా పేజీలో పేరు, ఊరు, ఒక్కోసారి జబ్బు కూడా. ఇందులో ఎవరూ ఏ నేరమూ చేసినట్టు అనుకోరు. డబ్బులేని ఆడమనిషి జబ్బు పడితే ఆ జబ్బు ఆమె సొంతం కాదు, దానికి ఖర్చు పెట్టిన ప్రతి ఒక్కరికీ అందులో వాటా ఉంటుంది. ఇది నేను కట్టిన సిద్ధాంతం కాదు, ఆ ఊళ్ళలో ఎవరినడిగినా చెప్తారు.

ఖర్చు ప్రభుత్వానిదైనా తేడా తక్కువే. ఆరోగ్యశ్రీ 2007 ఏప్రిల్ 1న మూడు జిల్లాల్లో మొదలయింది. రెండువేల యాభై తొమ్మిది చికిత్సలతో దాని విస్తరణను 2020 జనవరి 3న ఇదే ఏలూరులో మొదలుపెట్టారు, అప్పటి పశ్చిమగోదావరి మొత్తానికి. 2024 నుంచి ఎన్టీఆర్ వైద్యసేవ అంటున్నాం. ఆ పథకం వల్ల బతికినవాళ్ళు ఈ గదిలోనే ఉంటారు, దాన్ని నేను తక్కువ చెయ్యను. కానీ అందులో ఆస్పత్రికి డబ్బు రావాలంటే చాలా ఆపరేషన్లకు కుట్టు కనిపించేలా రోగి ఫొటో పెట్టాలి. దొంగ బిల్లులు ఆపడానికి. నిజమే, దొంగ బిల్లులున్నాయి. అయితే పొత్తికడుపు మీది కుట్టును, రొమ్ము మీది కుట్టును ఎవరి ఫోనులో తీశారు, పంపాక తుడిచేశారా, తీసేటప్పుడు గదిలో ఎవరున్నారు? నేను అడిగిన ఆడవాళ్ళలో ఎక్కువమంది "ఫొటో తియ్యాలన్నారండి, తీశారు" అన్నారు. అంగీకారం అనే మాటకు అక్కడ చోటే లేదు.

2018 సంగతి మనవాళ్ళే చాలామంది మర్చిపోయారు. అన్న సంజీవని అని ప్రభుత్వం చౌక మందుల షాపులు పెట్టింది, వాటిని చాలాచోట్ల స్వయం సహాయక సంఘాల ద్వారా నడిపించారు. అక్కడ మందు కొన్నవాళ్ళ పేరు, ఫోన్ నంబరు, ఏ మందు కొన్నారన్నది ప్రభుత్వ వెబ్‌సైటులో ఎవరైనా చూడగలిగేలా ఉండిపోయింది. మగతనం మాత్రలు కొన్నవాళ్ళ పేర్లు కనిపించాయని పత్రికలు నవ్వుతూ రాశాయి. మగవాళ్ళ పేర్లు కనిపిస్తే అది వార్తయింది. అదే ఏడాది గర్భిణులను తీసుకెళ్ళే అంబులెన్సులు ఎక్కడి నుంచి ఎక్కడికి వెళ్తున్నాయో కూడా అలాగే బయట కనిపించింది. ఆ రోజుల్లో ఇలాంటివి వరసగా బయటపెట్టినవారిలో శ్రీనివాస్ కొడాలి ముఖ్యులు. అన్న సంజీవనిలో నన్ను ఆపింది వేరే విషయం. అక్కడ బయటికి పోయింది కేసుషీటు కాదు, ఉత్త బిల్లు. ఎవరు, ఏ మందు, అంతే. బిల్లు వేరు రోగం వేరు అని మనం అనుకుంటాం గానీ, మందు పేరు చదవగలిగినవాడికి బిల్లే రోగం.

బిల్లు లేని చోట కూడా ఇది జరుగుతుందని మన ఊరే చూపించింది. 2020 డిసెంబరు 5 నుంచి ఏలూరులో ఆరువందల మందికి పైగా ఉన్నట్టుండి మూర్ఛలతో పడిపోయారు. ఆ వారమంతా పెద్దాస్పత్రి మంచాల మీది ముఖాలు టీవీల్లో తిరిగాయి. పెళ్ళికావాల్సిన ఆడపిల్లలు కూడా అందులో ఉన్నారు. రక్తంలో సీసం, నికెల్ గురించి అందరం మాట్లాడాం. ముఖాల గురించి మనమూ మాట్లాడలేదు.

ఇక్కడ మీలో కొందరికి ఒక అనుమానం రావాలి. మనం కదా వ్యక్తిగతమంతా రాజకీయమే అన్నది? ఇంటి గుట్టు అనే మాటతోనే కదా మనల్ని కొట్టింది, కాల్చింది? ఇప్పుడు మనమే గుట్టు కావాలంటామా? ఈ ప్రశ్న నాకు ఇప్పటికీ తేలిక కాదు. కానీ ఇంటి గుట్టు వేరు, మనిషి గోప్యత వేరు. మొదటిది ఇంటి పెద్దది, రెండోది ఆమెది. ఈ తేడాను మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టు 1983లోనే చూసింది. సరిత కేసులో జస్టిస్ పి.ఎ. చౌదరి, భార్యను కాపురానికి రమ్మని కోర్టు ద్వారా బలవంతపెట్టే సెక్షన్ చెల్లదన్నారు. ఆమె శరీరం మీద నిర్ణయం ఆమెది, అదే ఆమె గోప్యత అన్నారు. మరుసటి ఏడాదే సుప్రీంకోర్టు ఇంకో కేసులో ఆ తీర్పును ఒప్పుకోలేదు. గోప్యత ప్రాథమిక హక్కేనని తొమ్మిదిమంది న్యాయమూర్తులు ఒక్కమాటగా చెప్పడానికి 2017 ఆగస్టు 24 దాకా పట్టింది.

ఈ మధ్యలో 1998లో ఇంకో తీర్పు ఉంది, మనల్ని ఇబ్బందిపెట్టేది. ఒక ఆస్పత్రి తన హెచ్ఐవి సంగతి బయటపెట్టిందని, పెళ్ళి ఆగిపోయి ఊరే వదలాల్సి వచ్చిందని ఒకతను సుప్రీంకోర్టుకు వెళ్ళాడు. పెళ్ళాడబోయే స్త్రీ ప్రాణం కాపాడటానికి చెప్పడం తప్పు కాదంది కోర్టు. స్త్రీగా నేను ఆ మాట కాదనలేను. కానీ చెప్పాల్సింది ఒక్క మనిషికి, తెలిసింది ఎందరికో. ఆ తేడాను అప్పట్లో మనం గట్టిగా అడగలేదు. 2017 హెచ్ఐవి చట్టంలో కొంత జవాబుంది. కేసుల్లో మారుపేరు వాడవచ్చని, మూసిన గదిలో విచారించవచ్చని అందులో ఉంది. మిగతా జబ్బుల వాళ్ళకు అంత స్పష్టంగా రాసిన రక్షణ లేదు. వినియోగదారుల కమిషన్‌కి వెళ్తే కేసుషీటు సాక్ష్యమవుతుంది, తీర్పులో పేరు, జబ్బు రెండూ ఉంటాయి. 2023లో వచ్చిన డేటా రక్షణ చట్టం మీద ఆశ పెట్టుకున్నవాళ్ళున్నారు. దాని నియమాలు 2025 నవంబరులో వచ్చాయి, బాధ్యతలు దశలవారీగా మొదలవుతాయి. కానీ అది కంప్యూటరులో ఉన్న, కంప్యూటరులోకి ఎక్కించిన సమాచారానికే. కాగితం ఫైలు చేతబట్టుకుని గొంతెత్తి చదివినవాడిని అది ఏమీ చెయ్యదు.

పనికొచ్చే ఆయుధం ఒకటుంది, మనం సరిగ్గా వాడటం లేదు. వైద్యసేవలు వినియోగదారుల చట్టం కిందికి వస్తాయని 1995లోనే తేలింది. ఇప్పుడున్న 2019 చట్టంలో అనుచిత వ్యాపార పద్ధతులేమిటో చెప్పే రెండో సెక్షన్, 47వ ఖండం తెరవండి. బిల్లు ఇవ్వకపోవడం అందులో ఉంది. వినియోగదారు నమ్మకంతో చెప్పిన వ్యక్తిగత సమాచారాన్ని చట్టం అనుమతించని విధంగా వేరేవాళ్ళకు చెప్పడం కూడా అందులోనే ఉంది, రెండు లైన్ల కింద. డాక్టరా మేనేజరా అన్న తేడా అక్కడ లేదు, సేవ అమ్మినవాడు అని మాత్రమే. అంటే బిల్లు అడిగే హక్కు, నోరు మూసుకోమనే హక్కు ఒకే పేజీలో పక్కపక్కన ఉన్నాయి. మేం ఆరోజు మొదటిది పట్టుకుని రెండోది వదిలేశాం.

ఆ తర్వాత తాడేపల్లిగూడెంలో ఇంకో తగాదా వచ్చింది. ఒక ప్రైవేటు స్కూలు టీచరమ్మ, మానసిక వైద్యం, బీమా వాళ్ళు సగం తిరగ్గొట్టారు, స్కూలు యాజమాన్యం ద్వారా కాగితాలు పంపమన్నారు. ఈసారి వెళ్ళింది ఇద్దరమే, ఆమె, నేను. ముందుగా ఉత్తరం రాశాం. మాట్లాడేది బిల్లు పద్దుల మీద మాత్రమేనని, కేసుషీటు బల్ల మీదకు రాకూడదని, ఆమె రాసిచ్చిన పేరు తప్ప ఎవరితోనూ మాట్లాడకూడదని. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 23వ సెక్షన్ గోప్యతను హక్కుగా చెప్తుంది, అది కూడా రాశాం. పద్దుల పక్కన మందుల పేర్లున్న కాగితం ఆమె మాత్రమే చూసింది. నా చేతికి అంకెలొచ్చాయి. కాగితాలు స్కూలు ద్వారా కాకుండా నేరుగా బీమా కంపెనీకే వెళ్ళాయి. డబ్బు మొత్తం రాలేదు. స్కూల్లో ఎవరికీ తెలియలేదు.

అక్కడ కూడా తేలనిది ఒకటి మిగిలింది. ఆమె భర్త నాకు ఫోన్ చేసి అడిగాడు, "నేను కట్టిన బిల్లు నాకే చూపించరా అండీ? మరి నేనెవర్నండి?" మంచివాడే, పెళ్ళాం కోసం లోన్ తీసుకున్నవాడు. అంకెలు చూడండి, మిగతాది ఆవిడ్ని అడగండి అన్నాను. అతనికి నచ్చలేదు. మీరైతే ఏం చెప్తారో ఈ మధ్యాహ్నం చర్చలో వినాలని ఉంది. డబ్బు కట్టినవాడికి ఎంతవరకు తెలియాలన్న దానిమీద నా దగ్గర గట్టి జవాబు లేదు.

ఆ ఉత్తరం నమూనాలు బయట బల్ల మీద పెట్టాను, తీసుకెళ్ళండి. ఇంకో మాట మన ఆఫీసుల గురించి. నా బీరువాలో ఇరవై ఏళ్ళ కేసుషీట్ల జెరాక్సులున్నాయి, పేర్లతో సహా. సంఘం వాట్సాప్ గ్రూపుల్లో డిశ్చార్జి కాగితాల ఫొటోలున్నాయి, "ఈ అమ్మకు సాయం చెయ్యండి" అని మనమే పంపినవి. గత నెలలో కూర్చుని నావి విడదీయడం మొదలుపెట్టాను. వెనక్కి ఇవ్వగలిగినవి ఇస్తున్నాను. ఆ కొల్లేటి ఊరి ఆమె ఫైలు కూడా అందులో ఉంది. వినియోగదారుల కమిషన్‌కి వెళ్దామా అని అడిగితే, "నా కాగితాలు నాకిచ్చెయ్యండి ముందు" అంది. వచ్చే శుక్రవారం తీసుకెళ్ళి ఇస్తాను. కేసు సంగతి ఆ తర్వాత ఆమె ఎలా అంటే అలా.

ఇక మీరు మాట్లాడండి. మీ దగ్గర జరిగినవి చెప్పేటప్పుడు పేర్లు, ఊళ్ళు వద్దు.